అడ్మిషన్ సెక్షన్‌లో చేరిన మేనకోడలికి

చిరంజీవి అమ్మలుకు మావయ్య ఆశీస్సులు.

నీకు యూనివర్సిటీ అడ్మిషన్ సెక్షన్‌లో పోస్టింగ్ వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం. ఫారాలు రావడం మొదలైతే నీకు తల ఎత్తే తీరిక ఉండదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను. నా సర్వీసంతా ఈ మార్కుల మెమోలు, టీసీలు, మైగ్రేషన్ సర్టిఫికెట్ల మధ్యే గడిచింది. వాటి సంగతులు నీకు చెప్పకపోతే ఇంకెవరికి చెప్తాను?

ముందుగా ఒకటి గట్టిగా మనసులో పెట్టుకో. ఎక్కించడం ఒక పని, బేరీజు వేయడం ఇంకో పని. రెండూ కలపకు. కాగితంలో ఏముందో ముందు అదే ఎక్కించు. బోర్డు పేరు, పాసైన నెల, సంవత్సరం, రోల్ నంబరు, వచ్చిన మార్కులు, ఎన్నింటికి వచ్చాయి. శాతం ఎంత, అర్హత ఉందా, ఏ కేటగిరీ అన్నవన్నీ తర్వాత, వేరే కాలమ్‌లో. చాలామంది మెమో చూస్తూనే మనసులో లెక్క కట్టేసి 68 శాతం అని ఒక్క అంకె రాసి పక్కన పడేస్తారు. రెండు నెలల తర్వాత మెరిట్ లిస్టు మీద ఎవరైనా అభ్యంతరం పెట్టినా, ఆర్టీఐ కింద అడిగినా ఆ 68 ఎలా వచ్చిందో చెప్పే నాథుడుండడు. అసలు అంకెలు ఫైల్లో ఉంటే ఎన్నిసార్లైనా మళ్లీ లెక్క కట్టుకోవచ్చు.

మనది ఒడిశా, ఆంధ్రా సరిహద్దు ప్రాంతం కాబట్టి నీ టేబుల్ మీదికి ఒకే పూట రకరకాల ప్లస్ టూ కాగితాలు వస్తాయి. బరంపురం, ఛత్రపురం పిల్లలు సీహెచ్ఎస్ఈ, అంటే ఒడిశా ప్లస్ టూ బోర్డు మెమో తెస్తారు, అది 600కి. సీబీఎస్ఈ వాళ్లది మామూలుగా 500కి. ఇచ్ఛాపురం, సోంపేట నుంచి వచ్చేవాళ్లు, పర్లాకిమిడిలో ఇల్లు ఉండి పాతపట్నంలో చదువుకున్నవాళ్లు ఆంధ్రా ఇంటర్ మెమో తెస్తారు, అది 1000కి. అసలు చిక్కు ఈ వెయ్యి దగ్గరే. ఇన్నేళ్లుగా నడిచిన పద్ధతిలో ఎంపీసీకి మొదటి సంవత్సరం 470, రెండో సంవత్సరం 530. బైపీసీకైతే 440, 560. ఒక పిల్ల నెట్ సెంటర్‌లో రెండో సంవత్సరం రిజల్టు ఒక్కటే ప్రింటు తీసి తెచ్చిందనుకో. అందులో 480 ఉంది. మన ఫారంలో మొత్తం అన్న గడిలో 1000 ముందే కొట్టి ఉంది. కొత్త గుమాస్తా 480 కొట్టాడు. కంప్యూటర్ 48 శాతం అంది. ఆ పిల్లకి మొదటి సంవత్సరంలో 390 ఉన్నాయి, అంటే మొత్తం 870, నిజానికి 87 శాతం. ఇంత తేడా. పోనీ తెలివిగా 530కి 480 అని వేసినా 90 దాటిపోతుంది, అప్పుడు పక్కవాడికి అన్యాయం. కాబట్టి ఆంధ్రా ఇంటర్ అనగానే రెండు సంవత్సరాలూ కలిసి ఉన్న మెమో చూడందే మార్కులు ఎక్కించకు. పైగా ఇప్పుడు అక్కడ పేపర్ల ప్యాటర్న్ మారుస్తున్నారు. పాసైన సంవత్సరం చూడకుండా మొత్తం మార్కులు ఎప్పుడూ అలవాటుగా రాయొద్దు.

గ్రేడ్ల దగ్గర ఇంకా జాగ్రత్త. సీజీపీఏ, అంటే పదికి గ్రేడు పాయింట్ల సగటు, 7.2 అని ఉంటే అందరూ పదితో హెచ్చవేసి 72 అంటారు. సీబీఎస్ఈ పదో తరగతిలో గ్రేడ్లు ఇచ్చిన రోజుల్లో 9.5తో హెచ్చవేయమన్నారు, ఆ లెక్కన 68.4. కొన్ని యూనివర్సిటీలు 0.75 తీసేసి పదితో హెచ్చవేయమంటాయి, ఆ లెక్కన 64.5. అంకె ఒక్కటే, శాతాలు మూడు. ఏది సరైనదో నువ్వూ నేనూ తేల్చేది కాదు. ఆ మెమో ఇచ్చిన బోర్డో, యూనివర్సిటీయో ఏం చెప్పిందో అదే లెక్క. చాలా మెమోల వెనక చిన్న అక్షరాల్లో అచ్చు వేసి ఉంటుంది, తిప్పి చూడు. లేకపోతే ఆ యూనివర్సిటీ ఇచ్చిన కన్వర్షన్ సర్టిఫికెట్ తెమ్మను. మన అడ్మిషన్ నోటిఫికేషన్‌లో వేరే సూత్రం ఉంటే దాన్నే అందరికీ ఒకేలా వాడాలి.

రౌండ్ చేయడం కూడా ఇలాంటిదే. పీహెచ్‌డీ అర్హతకు యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2022 నిబంధనల్లో పీజీలో 55 శాతం అని ఉంది, ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, దివ్యాంగులు, ఈడబ్ల్యూఎస్ వాళ్లకు 5 శాతం సడలింపు ఉంది. ఒకడికి 54.8 వచ్చింది. జాలేస్తుంది, నిజమే. అయినా రూల్లో రౌండ్ చేయమని లేనిదే 54.8 అంటే 54.8 అనే రాయాలి. ఒకడికి చేసి ఇంకొకడికి చేయకపోతే ఆ లిస్టే నిలబడదు.

2021లో పాసైనవాళ్ల మెమోలు చూసి కొందరు పెదవి విరుస్తారు. కోవిడ్ వల్ల ఆ ఏడు చాలా బోర్డులు పరీక్షలు పెట్టలేదు, వేరే పద్ధతిలో మార్కులు వేశాయి. సీబీఎస్ఈ పన్నెండో తరగతికి పది, పదకొండు, పన్నెండు తరగతుల మార్కుల నుంచి 30, 30, 40 చొప్పున తీసుకుంది. ఆ పిల్లలు ఇప్పుడు పీజీలకీ, ఆపైకీ వస్తున్నారు. బోర్డు ఇచ్చిన మార్కు మార్కే. వాళ్లకు మనసులో కూడా కోత పెట్టే హక్కు మనకు లేదమ్మా.

ఇక పేర్లు. నీకు ఎక్కువ తలనొప్పి తెచ్చేవి ఇవే. మన తెలుగు పిల్లవాడు ఒడిశా బడిలో చదివితే వెంకటరావు పేరు సర్టిఫికెట్‌లో బెంకటరావు అయిపోతుంది, ఒడియా వాళ్లు వకారాన్ని బకారంగా పలుకుతారు కాబట్టి. ఆధార్‌లో మాత్రం వాళ్ల నాన్న సరిచేయించి వెంకట అని పెట్టిస్తాడు. అదే అబ్బాయి ఇంటర్‌కి శ్రీకాకుళం జిల్లాకి వెళ్తే అక్కడ ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. మన ఆన్‌లైన్ ఫారంలో మొదటి పేరు, చివరి పేరు అని రెండు గళ్లు. ఆ పిల్లాడు ఏ గడిలో ఏం కొట్టాడో దేవుడికే తెలియాలి. ఇలాంటి ఫారం చూడగానే నోటరీ అఫిడవిట్ తెమ్మని తిప్పి పంపడం మన ఆఫీసులకు అలవాటు. రాయగడ, గుణుపురం నుంచి వచ్చినవాడికి దానికి ఒక రోజు కూలి పోతుంది, బస్సు చార్జీలు అదనం. ముందు నువ్వే పోల్చి చూడు. తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ కలిశాయా? ఆంధ్రా పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టుమచ్చలు కూడా రాసి ఉంటాయి. అబ్బాయి ఎదురుగా ఉంటే కుడి మోచేతి మీద మచ్చ ఉందో లేదో అడిగి చూసుకోవచ్చు, అందులో తప్పేం లేదు. అన్నీ కలిస్తే పదో తరగతిలో ఉన్న పేరే అక్షరం పొల్లు పోకుండా మన రికార్డులో రాయి, మిగతా కాగితాల్లో ఎలా ఉందో రిమార్క్స్‌లో పెట్టు. మనమే స్పెల్లింగ్ సరిచేయకూడదు. సరిచేసే అధికారం బోర్డుకే ఉంది. పుట్టిన తేదీయే కలవకపోతే మాత్రం నీ స్థాయిలో తేల్చకు, పైకి పంపు.

కులం సర్టిఫికెట్ సంగతి మన వైపు సున్నితంగా ఉంటుంది. ఎస్సీ, ఎస్టీ జాబితాలు రాష్ట్రాల వారీగా ఉంటాయి. ఆంధ్రా తహసీల్దారు ఇచ్చిన సర్టిఫికెట్‌తో ఒడిశా రాష్ట్ర యూనివర్సిటీలో రాష్ట్ర రిజర్వేషన్ రాదు. అదే అబ్బాయి కొరాపుట్‌లోని సెంట్రల్ యూనివర్సిటీకి పెట్టుకుంటే అక్కడ ఆ ఎస్సీ సర్టిఫికెట్ చెల్లుతుంది, ఓబీసీకి అయితే కేంద్ర జాబితా చూస్తారు. కుటుంబాలకు ఈ తేడా తెలియదు. కౌంటర్ దగ్గర ముఖం మీద కాదనేసి పంపకుండా రెండు నిమిషాలు కూర్చోబెట్టి చెప్పు. ఫారంలో మాత్రం వాళ్లు ఏ సర్టిఫికెట్ ఇచ్చారో, ఎవరు ఇచ్చారో, తేదీ ఏమిటో ఉన్నదున్నట్టు ఎక్కించి, కేటగిరీ నిర్ణయం వేరుగా రాయి.

ఒరిజినల్స్ గురించి ఒక్క మాట. చూసి, జిరాక్సుతో పోల్చి, సంతకం పెట్టి, అక్కడే తిరిగి ఇచ్చేయి. ఒరిజినల్స్ అట్టిపెట్టుకోవద్దని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. అయినా బీరువాల్లో పెట్టుకునే సెక్షన్లు ఇంకా ఉన్నాయి. ఆ కాగితం లేక పిల్లలు వేరే చోట సీటు పోగొట్టుకుంటారు, ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. డిజిలాకర్‌లో చూపించినా తీసుకో, అది ఒరిజినల్‌తో సమానమే. అందులోంచి నేరుగా వచ్చినది కాక ఫోన్‌లో ఫోటో చూపిస్తే మాత్రం కాదు. మైగ్రేషన్ ఆలస్యమైందంటే గడువు తేదీ రాసి అండర్‌టేకింగ్ తీసుకో, ఆ తేదీలన్నీ ఒక్కచోట రాసి పెట్టుకో.

పేరు ఎప్పుడూ వినని బోర్డు వస్తే టెన్షన్ పడకు, వెంటనే నకిలీ అని కూడా అనకు. స్కూలు బోర్డైతే గుర్తింపు ఉన్న బోర్డుల జాబితా, యూనివర్సిటీ అయితే యూజీసీ జాబితా చూడు, యూజీసీ నకిలీ యూనివర్సిటీల పేర్లు కూడా విడిగా ప్రకటిస్తుంది. ఓపెన్ స్కూల్ అనగానే పక్కన పెట్టేవాళ్లుంటారు, జాతీయ ఓపెన్ స్కూల్ ఎన్ఐఓఎస్ గుర్తింపు ఉన్న బోర్డే. విదేశీ డిగ్రీ అయితే అది ఇక్కడి డిగ్రీకి సమానమని చెప్పే ఈక్వివలెన్స్ సర్టిఫికెట్ అడుగు.

తిరస్కరించాల్సి వస్తే కారణం పూర్తి వాక్యంలో రాయి. అర్హత లేదు అని రెండు ముక్కలు రాసి వదిలేయకు. డిగ్రీలో 50 శాతం కావాలి, అభ్యర్థికి 1800కి 870, అంటే 48.33 అని రాయి. అది చూసి ఆ పిల్లవాడు తన లెక్క సరిచూసుకోగలడు. ఒక్కోసారి బ్యాక్ పేపర్ క్లియర్ చేసిన కొత్త మెమో పెట్టడం మర్చిపోయి ఉంటాడు, కారణం కనబడితే అది పట్టుకుని వస్తాడు.

ఫారాలు తెరవకముందే ఒక పని చెయ్యి. నీ దగ్గరికి వచ్చే ప్రతి బోర్డుకీ మొత్తం ఎంత, ఏ సంవత్సరం నుంచి ఏ ప్యాటర్న్, గ్రేడ్ ఉంటే మార్చే సూత్రం ఏమిటి అని ఒక పట్టిక తయారు చేసి మీ సెక్షన్ ఆఫీసర్ సంతకం తీసుకో. అందరూ అదే చూసి ఎక్కించాలి. ఆదివారం ఇంటికి వచ్చేటప్పుడు మీ ఫారం ఖాళీ కాపీ ఒకటి పట్టుకురా, ఏ కాలమ్‌లు చాలవో ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఇట్లు
మీ మావయ్య