చైనా నాణేనికి నలుచదరపు చిల్లు ఎందుకు?

ప్రశ్న: మన దేశంలో 1943 నుంచి కొన్నేళ్లపాటు వచ్చిన చిల్లు కాణీకి గుండ్రటి చిల్లు ఉండేది. చైనా పాత నాణేలలో మాత్రం చిల్లు నలుచదరంగా కనిపిస్తుంది. కారణం ఏమిటి? వాటిపై రాజుల బొమ్మలు ఎందుకు ఉండవు?
– ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: గుండ్రటి అంచు ఆకాశానికి, నలుచదరపు చిల్లు భూమికి గుర్తు అన్న వివరణ చైనాలోనే చాలాకాలంగా ప్రచారంలో ఉంది. భావన అందమైనదే కాని, అసలు కారణాన్ని టంకశాల పనిలో వెతకాలని మా అభిప్రాయం. మన దేశంలో, గ్రీసులో, రోమ్‌లో నాణేలను ఎక్కువగా లోహపు బిళ్లపై ముద్ర కొట్టి తయారుచేసేవారు. చైనాలో రెండు వేల ఏళ్లకు పైగా వాటిని పోత పోశారు.

ఆ పని ఎలా సాగేదో సాంగ్ యింగ్‌షింగ్ అనే పండితుడు 1637లో వెలువరించిన సాంకేతిక గ్రంథంలో వర్ణించాడు. కొయ్య చట్రంలో మెత్తగా జల్లించిన మట్టిని, బొగ్గుపొడిని దట్టించి, తగరంతో చెక్కిన నూరు మూల నాణేలను దానిపై పరిచేవారు. పైన మరో చట్రాన్ని బోర్లించి అదిమితే రెండు వైపుల అచ్చూ పడేది. మూల నాణేలను తీసివేసి, కరిగిన లోహాన్ని కాలువల గుండా పోసి చల్లార్చిన తరువాత చట్రం విప్పితే, నాణేలు కొమ్మకు కాసిన కాయల్లా ఒకే కాడకు అంటుకొని బయటికి వచ్చేవి. వాటిని తుంచితే అంచులు గరుకుగా మిగులుతాయి. అందుకే వందలాది నాణేలను ఒకే వెదురు లేదా కొయ్య బద్దకు గుచ్చి, అంచులన్నిటినీ కలిపి ఆకురాయితో నునుపు చేసేవారు. చిల్లు గుండ్రంగా ఉంటే ఆకురాయి తగిలినప్పుడల్లా నాణెం బద్దపై గిర్రున తిరిగిపోతుంది. నలుచదరపు చిల్లయితే కదలకుండా నిలుస్తుంది. చైనాలోనూ కొన్ని తొలి నాటి గుండ్రటి నాణేలకు గుండ్రటి చిల్లే ఉండేదన్న సంగతి ఈ అభిప్రాయానికి బలం చేకూరుస్తోంది.

రాజుల బొమ్మల విషయానికి వస్తే, అక్కడ నాణేనికి అధికారాన్ని ఇచ్చింది అక్షరమే. పార, కత్తి ఆకారాల్లో రకరకాల కంచు డబ్బు వాడిన రాజ్యాలను జయించి, క్రీ.పూ. 221లో దేశాన్ని ఏకం చేసిన చిన్ రాజ్యం 'బన్‌లియాంగ్' నాణేన్ని అంతటికీ ప్రమాణం చేసింది. ఆ రెండక్షరాలు 'అర లియాంగ్' అనే తూకాన్ని మాత్రమే చెబుతాయి. క్రీ.పూ. 118లో హాన్ చక్రవర్తి వూ ప్రవేశపెట్టిన 'వూజూ' నాణెంపై ఉన్నదీ తూకమే. దానికి ఉబ్బెత్తు అంచు ఉండడంతో, గీకి లోహం దొంగిలిస్తే ఇట్టే తెలిసిపోయేది. ఈ ప్రమాణం సుమారు 700 ఏళ్లు నిలిచింది. 621లో తాంగ్ వంశపు తొలి చక్రవర్తి 'కైయువాన్ తుంగ్‌బావ్' విడుదల చేయడంతో నాణెంపై తూకం రాసే పద్ధతి పోయింది. దానిపై అక్షరాలు రాసినవాడు ఆ కాలపు ప్రసిద్ధ లిపికారుడు ఓయాంగ్ షున్. సాంగ్ వంశపు చక్రవర్తి హుయిజూంగ్ (పాలన 1100–1126) నాణేలపై ఆయన సొంత సన్నని దస్తూరీ కనిపిస్తుంది. చక్రవర్తి ముఖానికి బదులు చేతిరాత ప్రజల చేతుల్లోకి వెళ్లిందన్నమాట.

ప్రశ్న: రాగి నాణేలు అంత విరివిగా ఉన్న దేశంలోనే ప్రపంచపు తొలి కాగితపు డబ్బు ఎందుకు పుట్టింది?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: చైనా ద్రవ్యాన్ని అర్థం చేసుకోవాలంటే విడి నాణేన్ని కాక, వెయ్యి నాణేలు గుచ్చిన సరాన్ని చూడాలి. ఒక్క నాణెం విలువ చాలా తక్కువ కనుక పెద్ద లెక్కలన్నీ సరాల్లోనే సాగేవి. పైగా సరంలో నిజంగా వెయ్యి ఉండాలన్న నియమం లేదు. నాణేల కొరత వల్ల 977లో సాంగ్ ప్రభుత్వమే 77 నాణేలను నూరుగా లెక్కించాలని నిర్ణయించింది. ఆ తరువాత 1080 ప్రాంతంలో ఏటా 50 లక్షల సరాల రాగి నాణేలు పోత పోసినా కొరత తీరలేదు. నాణేలు సముద్రాలు దాటి వెళ్లడం అందుకు ఒక కారణం. 1077లో చోళ రాజ్యం నుంచి వెళ్లిన రాయబారులకు 81,800 సరాలు బహూకరించినట్లు సాంగ్ వంశ చరిత్రలో ఉంది. అప్పటి చోళ ప్రభువు మన వేంగి చాళుక్య వంశంలో పుట్టిన కులోత్తుంగుడే. తంజావూరు ప్రాంతంలో చైనా నాణేల నిధులు కూడా దొరికాయి.

సరం బరువు నాలుగు కిలోల వరకూ ఉండేది. నైరుతి చైనాలోని సిచువాన్ ప్రాంతంలో రాగి బదులు ఇనప నాణేలే చెల్లాలని ప్రభుత్వం కట్టడి చేయడంతో అక్కడి ఇబ్బంది మరీ ఎక్కువైంది, ఎందుకంటే ఇనప నాణెం విలువ ఇంకా తక్కువ. అందుకే అక్కడి చెంగ్డూ నగర వర్తకులు నాణేలను తమ దగ్గర జమ చేసుకొని 'జియావ్‌జి' అనే రసీదులు ఇవ్వసాగారు. కొందరు వర్తకులు తిరిగి చెల్లించలేక తగాదాలు రేగడంతో ప్రభుత్వం ఆ పనిని తన చేతిలోకి తీసుకొని, 1024లో తొలిసారి 12,56,340 సరాల విలువైన నోట్లు విడుదల చేసింది. వాటికి హామీగా 3,60,000 సరాల ఇనప నాణేలను నిల్వ ఉంచింది. గడువు తీరిన నోట్లను కొద్ది రుసుముతో మార్చి ఇచ్చేది.

ఆ నిల్వ, ఆ గడువు ఉన్నంతకాలం ఏర్పాటు చక్కగా నడిచింది. యుద్ధ ఖర్చుల కోసం నిల్వతో నిమిత్తం లేకుండా నోట్లు అచ్చువేసిన నాటి నుంచి విలువ పడిపోయింది. తరువాతి వంశాలు ఈ పాఠం నేర్చుకోకపోవడం విచారకరం. మింగ్ వంశం 1375లో తెచ్చిన నోటు సుమారు 34 సెంటీమీటర్ల పొడవుండేది. ఒక సరం విలువ గల నోటు నడుమ నాణేల దండలు పదింటి బొమ్మ ముద్రించారు, కాని ఆ నోటు తెచ్చి ఇస్తే నిజమైన నాణేలు ఇచ్చే ఏర్పాటు మాత్రం లేదు. 15వ శతాబ్దం నడుమకే అది దాదాపు విలువలేనిదైంది. జనం తూచి ఇచ్చే వెండి ముద్దలకు మళ్లారు. యంత్రంతో కొట్టిన వెండి నాణేలు 1889లో గ్వాంగ్‌డాంగ్ టంకశాల నుంచి వచ్చేదాకా పెద్ద బేరాలకు తక్కెడ తప్పలేదు. నలుచదరపు చిల్లు నాణేలు మాత్రం చింగ్ వంశం చివరి రోజుల వరకూ చిల్లర ఖర్చులకు చెల్లుతూనే వచ్చాయి.