సాంటి కజోర్లా అంత గాయం తర్వాత మళ్ళీ ఎలా ఆడగలిగాడు? పొట్టిగా ఉన్న కుర్రాడు అతని నుంచి ఏం నేర్చుకోవచ్చు?

మీరు రెండు సంగతులు అడిగారు. మడమ దగ్గర అంత టెండన్ (కండని ఎముకకి కట్టి ఉంచే తాడులాంటి భాగం) పోయిన ఈ స్పెయిన్ ఫుట్‌బాల్ ఆటగాడు మళ్ళీ ఆ దేశపు మొదటి డివిజన్‌లో ఎలా ఆడాడన్నది ఒకటి. మిడ్‌ఫీల్డ్‌లో ఆడే మీ పదమూడేళ్ళ అబ్బాయి, ఎత్తు తక్కువ కాబట్టి, అతన్ని చూసి నేర్చుకోవాల్సింది ఏమిటన్నది రెండోది. నా దృష్టిలో రెండిటికీ జవాబు ఒకటే. కజోర్లా ఎప్పుడూ పరుగుని నమ్ముకుని ఆడలేదు. బంతి వచ్చేలోపే ఒళ్ళు తిప్పి సిద్ధంగా ఉండటం, రెండు కాళ్ళూ ఒకేలా పనిచేయడం, ఇవే అతని ఆస్తి. మడమ దెబ్బ తిన్నా ఆ రెండూ దెబ్బతినలేదు.

కెరీర్ గురించి క్లుప్తంగా చెప్తాను. 1984 డిసెంబరులో ఉత్తర స్పెయిన్‌లోని అస్తూరియాస్‌లో పుట్టాడు. ఆట నేర్చుకున్నది రియల్ ఒవియెడో అకాడమీలో. 2003లో ఆ క్లబ్ అప్పుల్లో కూరుకుపోవడంతో విల్లారియల్ వెళ్ళాడు. 2006-07లో ఒక సీజన్ రెక్రియేటివోకి, 2011-12లో ఒక సీజన్ మలగాకి ఆడాడు. 2012 ఆగస్టులో లండన్ క్లబ్ ఆర్సెనల్‌లో చేరాడు. స్పెయిన్ జట్టుతో 2008, 2012 యూరో కప్పులు గెలిచాడు. 2008 క్వార్టర్ ఫైనల్లో ఇటలీ మీద షూటౌట్‌లో స్పెయిన్ రెండో కిక్ కొట్టింది ఇతనే. ఆ రెండు కప్పుల మధ్య వచ్చిన 2010 ప్రపంచ కప్ మాత్రం గాయం వల్ల తప్పిపోయింది. దేశం తరఫున మొత్తం 81 మ్యాచ్‌లు. ఎత్తు 168 సెంటీమీటర్లు.

ఇక ఆట సంగతి. మీవాడికి చూపించాల్సిన మ్యాచ్ 2015 జనవరి 18న మాంచెస్టర్ సిటీ మైదానంలో ఆర్సెనల్ 2-0తో గెలిచినది. పెనాల్టీ గోలు కజోర్లాదే. సహచరుడు జిరూ తలతో కొట్టిన రెండో గోలుకి ఫ్రీకిక్ వేసిందీ అతనే. కానీ గోల్స్ కాదు, బంతి అందుకునే క్షణాలు చూడమనండి. డిఫెండర్ వీపు మీదికి వస్తున్నా కజోర్లా బంతిని ఆపడు. నడుము కాస్త తిప్పి, తన ముందు నుంచి అవతలి కాలి దాకా దొర్లనిస్తాడు. వెనకున్నవాడు కుడివైపు మూసేస్తే ఎడమ కాలితో, ఎడమవైపు మూసేస్తే కుడి కాలితో బయటపడతాడు. మామూలు ఆటగాడిని అతని బలహీనమైన కాలివైపు తోసేస్తే డిఫెండర్ పని సగం అయిపోయినట్టే. ఇతనికి బలహీనమైన వైపే లేదు. కార్నర్లు కూడా రెండు కాళ్ళతో వేసేవాడు, మైదానం ఏ మూలైనా సరే.

మీవాడికి ఇది నేర్పాలంటే ఖర్చేమీ లేదు, గోడ చాలు. గోడకి అయిదారు మీటర్ల దూరంలో నిలబడి బంతి కొట్టాలి. అది తిరిగి వచ్చేలోపు ఒకసారి భుజం మీదుగా వెనక్కి చూడాలి. మీరు వెనక నిలబడి వేళ్ళు చూపించండి, బంతి తాకకముందే వాడు ఆ అంకె చెప్పాలి. తాకాక చెప్తే లెక్కలోకి రాదు. ఒక కాలితో అందుకుంటే రెండో కాలితో పాస్ ఇవ్వాలి, తర్వాతి బంతికి కాళ్ళు మార్చాలి. రోజూ పది నిమిషాలు చాలు. ఆదివారం ఒక్కరోజే గంటసేపు చేస్తే అంత ఫలితం ఉండదు.

ఎక్కువమంది పిల్లలు తప్పు చేసేది ఇక్కడే. ఎడమ కాలి ప్రాక్టీసంటే గోలు వైపు గట్టిగా బాదడం అనుకుంటారు. మ్యాచ్‌లో ఆ కాలు పనికొచ్చేది ముఖ్యంగా బంతి అందుకోవడానికి, దగ్గరి పాస్ ఇవ్వడానికి. కాబట్టి ముందు ఆ రెండూ కుదరాలి. పాస్ గాల్లోకి లేస్తోందంటే ఒకసారి వాడి నిలబడే కాలు చూడండి. అది బంతికి బాగా వెనక పడి ఉంటుంది, ఒళ్ళు వెనక్కి వాలి ఉంటుంది. ఆ పాదాన్ని బంతికి పక్కనే, జానెడు దూరంలో పెట్టిస్తే చాలావరకు సర్దుకుంటుంది. ఇది కుదిరాక ఎనిమిది మీటర్ల చదరంలో పాసులు ఇచ్చుకోవడానికి నలుగురిని బయట, బంతి లాక్కోవడానికి ఇద్దరిని లోపల పెట్టి ఇదే నియమంతో ఆడించండి. మొదట్లో బంతి ప్రతి మూడో పాస్‌కీ పోతుంది, పోనివ్వండి. నియమం మాత్రం సడలించకండి.

ఇప్పుడు గాయం. 2013 సెప్టెంబరులో చిలీతో జరిగిన స్నేహపూర్వక మ్యాచ్‌లో దెబ్బ తగిలి చీలమండ ఎముకకి చిన్న పగులు వచ్చింది. తర్వాత చాలాకాలం అతను ఆ నొప్పితోనే ఆడాడు. 2014లో ఇంగ్లండ్ ఎఫ్ఏ కప్ ఫైనల్లో ఆర్సెనల్ 0-2తో వెనకబడి ఉన్నప్పుడు అతను కొట్టిన ఫ్రీకిక్ గోలు కూడా ఆ దెబ్బ తర్వాతిదే. ఆ మ్యాచ్ 3-2తో గెలిచారు. క్లబ్‌కి తొమ్మిదేళ్ళ తర్వాత దక్కిన మొదటి కప్ అది. ఒళ్ళు వేడెక్కాక నొప్పి తగ్గేదని, విరామంలో చల్లబడితే భరించలేనంతగా తిరగబెట్టేదని అతనే చెప్పాడు. ఈ లక్షణం గుర్తుపెట్టుకోండి. కదిలితే తగ్గి, ఆగితే పెరిగే నొప్పి నయమవుతున్న నొప్పి కాదు.

2016 అక్టోబరు 19న బల్గేరియా క్లబ్ లుదోగొరెట్స్‌తో మ్యాచ్‌లో మైదానం వదిలాక ఆర్సెనల్‌కి మళ్ళీ ఆడలేదు. తర్వాత జరిగిన ఆపరేషన్ల గాయం మానలేదు. కుట్లు వేయడం, అవి విడిపోవడం, మళ్ళీ వేయడం. పాదం దగ్గర ఇలా ఎందుకవుతుందంటే మడమ వెనక చర్మం పలచన, దాని కింద కండ ఉండదు. మడమకి కాస్త పైన అకిలీస్ టెండన్‌కి రక్తం అందేదే తక్కువ. రక్తం అందని చోట మందూ సరిగ్గా అందదు, గాయమూ మూసుకోదు. చివరికి స్పెయిన్‌లోని విటోరియాలో డాక్టర్ మికెల్ సాంచెజ్ తెరిచి చూస్తే బాక్టీరియా మడమ ఎముకని పాడుచేసి, టెండన్‌ని దాదాపు 8 సెంటీమీటర్ల మేర తినేసింది. కొడుకుతో కలిసి తోటలో నడవగలిగితే అదే పదివేలనుకోమని అంతకుముందు డాక్టర్లు అతనితో అన్నారు. టెండన్‌ని తిరిగి కట్టాక, పైన కప్పడానికి ఎడమ చేతి నుంచి చర్మం తీశారు. ఆ చేతి మీద కూతురి పేరు పచ్చబొట్టు ఉండేది. దాంట్లో కొంత ముక్క ఇప్పుడు అతని చీలమండ మీద ఉంది. ఆ కూతురి పేరు ఇండియా.

2018 జులైలో, 636 రోజుల తర్వాత, విల్లారియల్ చొక్కాతో ఒక సన్నాహక మ్యాచ్ ఆడాడు. తిరిగొచ్చినందుకు అందరూ మెచ్చుకున్నారు గానీ, నాకు గొప్పగా తోచింది ఆ తర్వాత ఆడిన తీరు. 2019 జనవరిలో రియల్ మాడ్రిడ్‌తో 2-2 మ్యాచ్‌లో విల్లారియల్ రెండు గోల్స్ ఇతనివే, అందులో ఒకటి తలతో. 2019 జూన్‌లో మళ్ళీ స్పెయిన్ జట్టులోకి వచ్చాడు. 2019-20 లీగ్‌లో 11 గోల్స్ కొట్టాడు, అదీ 35 ఏళ్ళ వయసులో. పరుగుతో బతికే వింగర్‌కి ఇదే గాయమైతే ఇలా జరిగేది కాదని నా గట్టి నమ్మకం. పిక్క నుంచి వచ్చే తోపుని మడమకి అందించేది ఆ టెండనే. అది తగ్గితే మొదటి అయిదు అడుగుల వేగం పోతుంది. కజోర్లాకి ఆ అయిదు అడుగులు అక్కర్లేదు, బంతి వచ్చేలోపే అతను తిరిగి ఉంటాడు.

ఖతార్‌లో అల్ సద్‌కి ఆడి, 2023లో ఒవియెడోకి తిరిగొచ్చాడు. నిబంధనల ప్రకారం ఇవ్వాల్సిన కనీస జీతం చాలన్నాడు. తన చొక్కాల అమ్మకంలో పది శాతం అకాడమీకి వెళ్ళేలా ఒప్పందం రాయించాడు. 2012లో ఆ క్లబ్ మూతపడబోతుంటే షేర్లు కొని నిలబెట్టిన వాళ్ళలో కూడా ఇతను ఉన్నాడు. 2025 జూన్ 21న మిరాందేస్ జట్టుతో, రెండో డివిజన్ నుంచి మొదటి డివిజన్‌కి ఎవరు ఎక్కాలో తేల్చే ప్లేఆఫ్ ఫైనల్ రెండో మ్యాచ్. మొదటిది 0-1తో ఓడారు, రెండోదాంట్లోనూ ముందు గోలు తిన్నారు. సమం చేసిన పెనాల్టీ కజోర్లాది. అదనపు సమయంలో 3-1తో గెలిచి, 24 ఏళ్ళ తర్వాత ఒవియెడో మొదటి డివిజన్‌కి ఎక్కింది. అప్పటికి అతనికి 40 ఏళ్ళు.

చివరగా మీ అబ్బాయి మడమ గురించి ఒక మాట. ఆ వయసులో మడమ వెనక నొప్పి వస్తే అకిలీస్ తెగిందని భయపడకండి. ఎదిగే ఎముకకి టెండన్ అతుక్కునే చోట లాగుడు పడి వచ్చే నొప్పే ఎక్కువ. మడమని రెండు పక్కల నుంచి వేళ్ళతో నొక్కితే నొప్పి అంటాడు, మునివేళ్ళ మీద కుంటుకుంటూ నడుస్తాడు. అప్పుడు కొన్ని వారాలు పరుగు, గెంతులు తగ్గించండి, బూట్లో మడమ కింద మెత్తటి ప్యాడ్ పెట్టండి. గట్టి నేల మీద పొడవాటి స్టడ్ల బూట్లు వేయించకండి. వాపు, ఎరుపు, జ్వరం, రాత్రిపూట నొప్పి, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఎముకల డాక్టరుకి చూపించండి. గోడ దగ్గర ప్రాక్టీసుకి పరుగు అవసరం లేదు కాబట్టి, నొప్పి లేనంత వరకు అది సాగనివ్వొచ్చు.