తప్పు ఆ పుస్తకానిది కాదమ్మా

ప్రశ్న: మాది పర్లాకిమిడి. 8 నెలల క్రితం మావారు గుండెపోటుతో పోయారు. అప్పుడు మా అమ్మాయి బరంపురం హాస్టల్లో ఉంది. పరీక్షలు పాడవుతాయని చెప్పలేదు. మూడో రోజు తీసుకొచ్చాం. ఇప్పుడు 16 ఏళ్లు. ప్రతిదానికీ ఎదురు తిరుగుతోంది. నేను తెలుగులో పలకరిస్తే ఒడియాలో జవాబిస్తుంది. ‘ద క్యాచర్ ఇన్ ద రై’ అనే నవల వదలదు. బడి నుంచి వెళ్లగొట్టిన కుర్రాడి కథట. దాచేశాను. తన ముందు ఏడవకుండా బిగబట్టుకుంటున్నాను. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ముందు ఆ పుస్తకం ఇచ్చేయండి. ఈ రోజే.

1951లో జె.డి. శాలింజర్ రాసిన ఆ నవలలో అబద్ధాలు, సిగరెట్లు, పెంకితనం అన్నీ ఉన్నాయి. వాటి అడుగున ఉన్నది ఒక చావు. కథలోని ఆ కుర్రాడు హోల్డెన్‌. అతనికి 13 ఏళ్లప్పుడు తమ్ముడు ఆలీ రక్తకేన్సర్‌తో పోతాడు. ఆ రాత్రి హోల్డెన్ గ్యారేజీలో పడుకుని, అక్కడి కిటికీ అద్దాలన్నీ పిడికిలితో పగలగొడతాడు. చెయ్యి విరుగుతుంది. ఇప్పటికీ వాన పడితే ఒక్కోసారి నొప్పెడుతుంది. తమ్ముడి బేస్‌బాల్ గ్లవ్ దాచుకుంటాడు. దాని నిండా ఆలీ ఆకుపచ్చ సిరాతో రాసుకున్న కవితలు.

హోల్డెన్‌కు కనీసం ఆ రాత్రి దక్కింది. మీ అమ్మాయికి అదీ లేదు. మీరంతా ఏడ్చి సొమ్మసిల్లాక ఆమె గుమ్మంలో అడుగుపెట్టింది.

తెలుగు మానేయడం నాకు పొగరుగా అనిపించడం లేదు. నాన్నతో ఏ భాషలో మాట్లాడేది? ఆ భాషలో నోరు తెరిస్తే ఆయన పిలుపే గుర్తొస్తుందేమో. బలవంతం చేయకండి. మీకు వచ్చినంతలో ఒడియాలోనే బదులివ్వండి.

ఒక సాయంత్రం కూర్చోబెట్టి, ‘నీకు చెప్పకపోవడం నా తప్పు’ అనండి. ‘నీ మంచికే’ అని మాత్రం కలపకండి. ఆ రోజు ఆయన ఏం తిన్నారు, ఏ చొక్కా వేసుకున్నారు, చివరికి ఏమన్నారు, అన్నీ చెప్పండి. అరిస్తే అరవనివ్వండి. దహనం జరిగిన చోటు చూస్తానంటే తీసుకెళ్లండి. ఆడపిల్లకు అక్కడేం పని అనే బంధువులకు మీరే సమాధానం చెప్పాలి. ఆయన వాచీయో కళ్లజోడో, ఏది కావాలో ఆమెనే ఎంచుకోనివ్వండి.

చచ్చిపోవాలని ఉందన్నా, ఒంటికి గాయాలు చేసుకున్నా, తిండీ నిద్రా మానేసినా ఒక్క రోజు కూడా ఆగకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. రాత్రీ పగలూ ఉచితమే.

ఏడుపు బిగబట్టుకోవడం ఇక చాలు. మీరు ఏడవగా ఆమె చూడనేలేదు. పుస్తకం ఇచ్చేటప్పుడు, ఆ గ్లవ్ సంగతి ఏ పేజీలో ఉందో చదివి వినిపించమనండి. ఒడియాలో చెప్పినా సరే, వినండి.