రాకెట్ వాపస్ వస్తదా: మీ డౌట్లు, మా జవాబులు

ప్రశ్న: అన్నా, ఎలాన్ మస్క్ కంపెనీ స్పేస్‌ఎక్స్ తయారు చేస్తున్న స్టార్‌షిప్ రాకెట్ మీద మా ఇంట్ల రోజూ పంచాయితే. అదంతా పైసలున్నోని పటాకుల ఆట, ఎప్పుడు చూడు పేలుడే, గది పైకి పోయి దిగి తెల్లారి మళ్ల ఎగుర్తదంటే చెవుల పువ్వు వెట్టుడే అంటడు మా బావ. నిజంగ అయితదా?
(ఓ పాఠకుడు, మిర్యాలగూడ)

జవాబు: మీ బావ డౌట్ పడుడు మంచిదే తమ్మీ, గని పేలుడు చూసి పడ్డడు, అది కాదు చూడాల్సింది. 2023 ఏప్రిల్ల మొదటిసారి లేచి నాలుగు నిమిషాలకే పేలింది, కరెక్టే, గని అదే రకం రాకెట్‌కు కింద ఉండే 33 ఇంజిన్ల బూస్టర్ 2024 అక్టోబర్ల టెక్సస్‌ల తను లేచిన టవర్ కాడికే వాపస్ వస్తే టవర్ ఇనుప చేతులతోని పట్టుకున్నరు, 2025 మేల ఒకసారి ఎగిరిన బూస్టర్‌నే ఇంకోసారి ఎగరేసిండ్రు గూడ. బూస్టర్ ముచ్చట అట్ల ఒడిసినట్టే అనుకో.

కష్టమంతా పైభాగం కాడ. బూస్టర్ కక్ష్య దాక పోదు, నడుమనే మళ్లుతది. పైదానికి గంటకు 28 వేల కిలోమీటర్ల స్పీడు కావాలె, దిగేటప్పుడు ఆ స్పీడంతా గాలిల్నే తగ్గించుకోవాలె, ఆ వేడికి స్టీల్ గూడ ఆగదు కాబట్టి ఒంటి నిండ వేల పలకలు అతికించిండ్రు. అమెరికా సంస్థ నాసా మళ్ల మళ్ల ఎగరేసిన స్పేస్ షటిల్‌కు గూడ ఇసొంటి పలకలే, 20 వేలకు పైన, దిగినప్పుడల్లా ఒక్కొక్కటి చూసుకుంట కూసునుడే. వారానికొకటి లేస్తదని మొదట్ల గొప్పలు చెప్పిండ్రు, 1981 నుంచి 2011 దాక మొత్తం కలిపి లేచింది 135 సార్లే. నల్గొండ డిపో బస్సు దిల్‌సుఖ్‌నగర్ పోయొచ్చినప్పుడల్లా నెలల కొద్ది షెడ్ల వెడితే టికెట్ ఎంతయితదో నువ్వే చెప్పు. మీ బావను అడగమను, దిగినంక మళ్ల లేవడానికి ఎన్ని దినాలు, ఎంత ఖర్చు అని. స్టార్‌షిప్ ఆ పరీక్ష ఇంక పాస్ కావాలె.

పైగా చంద్రుని మీదికి పోవాలంటే ముందు ట్యాంకర్లు వరసగ పోయి పైననే ఇంధనం నింపాలె. తేదీలైతే అస్సలు నమ్మొద్దు, 2017ల మస్క్ చెప్పిన లెక్క ప్రకారం 2024ల మనుషులు అంగారకుని దిక్కు బయల్దేరాలె! నా మటుకు నాకు ఇది అయ్యే పనే అనిపిస్తది, చెప్పిన టైంకు, చెప్పిన రేటుకు మాత్రం కాదు.

ప్రశ్న: మరి మన ఇస్రో ఎందుకు చేస్తలేదు సార్?
(ఓ డిగ్రీ విద్యార్థిని, జడ్చర్ల)

జవాబు: చేస్తుందమ్మా. మళ్ల వాడే రాకెట్ కోసం ఇస్రో ట్రయల్‌కు చేసిన, రెక్కలున్న పుష్పక్ అనే వాహనాన్ని కర్ణాటక చిత్రదుర్గ కాడ హెలికాప్టర్‌తోని నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తుకు తీస్కపోయి ఇడిస్తే దానంతటదే రన్‌వే ఎతుక్కొని దిగింది, 2023ల ఒకసారి, 2024ల రెండుసార్లు. వాట్సాప్‌ల తిరిగినట్టు అది కక్ష్య నుంచి వచ్చింది కాదు, ల్యాండింగ్ టెస్టు అంతే. 2024 సెప్టెంబర్ల కేంద్రం 8,240 కోట్లతో ఒప్పుకున్న కొత్త రాకెట్‌ల ముందుగాల కిందిభాగం వరకే మళ్ల వాడేటట్టు పెట్టిండ్రు, పైభాగం జోలికి పోలే, అది తెలివైన పనే.