పాత కారు మీటర్ సెట్టు ఇవ్వనంటున్నారు... ఏం చేయాలి?

ప్రశ్న: మా నాన్నగారి 1973 నాటి అంబాసిడర్ కారును మళ్లీ తిరిగే స్థితికి తెస్తున్నాను. డాష్‌బోర్డు మీటర్ సెట్టు విప్పించి, చెన్నైలో పాత మీటర్లు బాగుచేసే ఒకరికి పంపాను. 26 వేలకు మాట్లాడుకుని 16 వేలు ముందే ఇచ్చాను. ఎనిమిది నెలలకు ఫొటోలు పంపారు. అసలు డయల్ తీసేసి కొత్తగా ముద్రించినది బిగించారు. 61 వేల పైచిలుకు చూపిన ఓడోమీటర్‌లో అన్నీ సున్నాలే. ఇప్పుడు మిగిలిన 10 వేలతో పాటు మరో 14 వేలు ఇస్తేనే పంపుతానంటున్నారు. పోలీసులకు ఫిర్యాదు చేయవచ్చా? రేపు కారు అమ్మితే ఆ సున్నాల వల్ల చిక్కు వస్తుందా? నాన్నగారు లేరు, ఆర్‌సీ ఇంకా ఆయన పేరునే ఉంది.
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: పోలీస్ స్టేషన్ ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టండి. వస్తువు తన దగ్గరే ఉంది, డబ్బు ముట్టగానే పంపుతానని ఆయన అంటున్నంత వరకు ఇది సివిల్ తగాదా అనే చెప్పి పంపించేస్తారు. మీ అసలు డయల్‌ను ఆయన ఇంకొకరికి అమ్ముకున్నట్టు ఆధారం దొరికితే మాత్రం కథ మారుతుంది. అప్పుడు భారతీయ న్యాయ సంహితలోని 316వ సెక్షన్, అంటే నేరపూరిత విశ్వాస ఘాతుకం, వర్తించవచ్చు.

మీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. వస్తువు పట్టి ఉంచుకునే హక్కు ఆయనకు కొంత ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ప్రకారం, అప్పగించిన వస్తువు మీద శ్రమతోనో నైపుణ్యంతోనో పని చేసిన వ్యక్తి తన ప్రతిఫలం అందేవరకు దాన్ని తన వద్దే ఉంచుకోవచ్చు. సానపట్టమని వజ్రం ఇస్తే డబ్బు ముట్టేదాకా నగల పనివాడు దాన్ని ఇవ్వనక్కర లేదని ఆ సెక్షన్ కిందే ఉదాహరణ ఉంది. (మా న్యాయవాద వృత్తిలో ఆ వెసులుబాటు లేదు. ఫీజు రాలేదని కక్షిదారు ఫైలు పట్టుకుని కూర్చోకూడదని సుప్రీంకోర్టు 2000లో తేల్చి చెప్పింది.) అయితే చేసిన పని మీరు అప్పగించిన ఉద్దేశానికి తగ్గట్టు ఉండాలి. అడిగేది ఆ పనికి న్యాయంగా రావలసిన సొమ్మే అయి ఉండాలి. ముందుగా మీ అంగీకారం తీసుకోకుండా తర్వాత కలిపిన 14 వేలు ఆ లెక్కలోకి రావు.

అసలు పేచీ అంతా ఉద్దేశం దగ్గరే. మీరు పంపిన వాట్సాప్ సందేశాలు ఒకసారి తిరగేయండి. ‘పాత డయల్ అలాగే ఉంచి శుభ్రం చేయండి’ అని రాసి ఉంటే మీ కేసు బలంగా ఉన్నట్టే. ‘కొత్తదానిలా మెరవాలి’ అని మాత్రమే రాసి ఉంటే, మీరు చెప్పినట్టే చేశానని ఆయన వాదిస్తారు, ఆ వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. ఏది రాసినా, తీసేసిన డయల్, ముళ్లు, అద్దం మీ సొత్తే. కొత్తవి బిగించినంత మాత్రాన పాతవి ఆయనవి అయిపోవు. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది కాబట్టి, డబ్బుతో పూడ్చలేని నష్టమని చూపించి అవే భాగాలు తిరిగి ఇప్పించమని స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 8వ సెక్షన్ కింద సివిల్ కోర్టును కోరే దారి కూడా ఉంది. కానీ అది నిదానంగా సాగే దారి.

ముందు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. ఒప్పుకున్న 10 వేలు చెల్లించడానికి సిద్ధమని, సెట్టుతో పాటు విప్పిన ప్రతి పాత భాగాన్నీ 15 రోజుల్లో పంపాలని రాయండి. ఆ 10 వేలు ఇస్తానని రాయకుండా పంపే నోటీసు ఆయనకే మేలు చేస్తుంది. సెట్టు అత్యవసరమైతే అడిగినంతా బ్యాంకు ద్వారానే కట్టి, ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను, వాపసు కోరే హక్కు వదులుకోవడం లేదు’ అని అదే రోజు రాతపూర్వకంగా తెలియజేయండి. పార్శిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి.

దిగిరాకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. చెన్నై వెళ్లనక్కర లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. ఇంత చిన్న మొత్తానికి ఫీజు లేదు, న్యాయవాది ఉండి తీరాలన్న నియమమూ లేదు. గడువు రెండేళ్లు. అమ్మే ఉద్దేశం ఉంది కాబట్టి మీరు వినియోగదారు కారని అవతలివారు అనవచ్చు. ఇంట్లోని ఒక్క కారు అమ్ముకోవడం వ్యాపారం కాదు, భయపడకండి.

ఇక సున్నాల సంగతి. ఓడోమీటర్ అంకెలు మార్చడం గురించి మన మోటారు వాహనాల చట్టంలో ప్రత్యేక సెక్షన్ లేదు. ఐదంకెల పాత మీటర్ ఎలాగూ 99,999 దాటగానే మళ్లీ సున్నాకు వస్తుంది. చిక్కు వచ్చేది దాచిపెట్టినప్పుడే. కొనేవారికి తెలియనివ్వకుండా అమ్మితే అది కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ చెప్పే మోసం, కొన్నవారు ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. ఆ సున్నాలు చూపించి ‘తక్కువ తిరిగిన బండి’ అని అమ్మితే భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద చీటింగ్ కేసు దాకా పోవచ్చు. అందుకే పాత అంకె కనిపించే ఫొటో దాచండి, అంకెలు మార్చిన సంగతి బిల్లులో రాయించుకోండి, అమ్మకం పత్రంలోనూ ఒక వాక్యం చేర్చండి. మళ్లీ 61 వేల దగ్గరే పెట్టమని ఆయన్నే అడగండి, నిజమైన అంకెను తిరిగి పెట్టడం తప్పు కాదు.

యాభై ఏళ్లు దాటిన కారు కాబట్టి 2021 జులైలో వచ్చిన వింటేజ్ (పాతకాలపు వాహనాల) నిబంధనల కింద, అలాంటి కార్లకు ఇచ్చే ‘వీఏ’ నంబరుకు ప్రయత్నించవచ్చు. అవి పట్టించుకునేది ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో మార్పులను. మీటర్ మరమ్మతు అడ్డు కాదు. అయితే ఆ నంబరు తీసుకున్నాక కారును రోజూ వాడుకోకూడదు.

వీటన్నిటికన్నా ముందు చేయాల్సింది ఆర్‌సీ మార్పు. యజమాని మరణించాక ఫారం 31తో వారసుల పేరుకు మార్పించుకోవాలి, దానికి గడువు మూడు నెలలే. అది దాటి ఉంటే ఆలస్య రుసుము అడుగుతారు. ఆ పని కానిదే మీరు కారు అమ్మలేరు. మీటర్ ఫిర్యాదుకు మాత్రం ఆర్‌సీతో పని లేదు, ఆ పని చేయించింది మీరే కదా.