మేవెదరా, పాకియావోనా: ఆ తరంలో ఎవరు గొప్ప బాక్సర్?

2015 మే 2న లాస్ వేగాస్‌లో అమెరికా బాక్సర్ ఫ్లాయిడ్ మేవెదర్, ఫిలిప్పీన్స్ బాక్సర్ మానీ పాకియావో తలపడ్డారు, ముగ్గురు జడ్జీలూ మేవెదర్‌కే ఇచ్చారు (పాయింట్లు 118-110, 116-112, 116-112), కాబట్టి ముఖాముఖి అయితే డౌటే లేదు. పాకియావోకి భుజం గాయం ఉందన్నది నిజమే, కానీ అది లేకపోయినా రిజల్ట్ మారేది కాదని నా అభిప్రాయం.

ఆ ఫైట్ మళ్లీ చూస్తే మేవెదర్ ఎడమ భుజం గడ్డం దాకా లేపి, నడుము కాస్త వెనక్కి వాల్చి నిలబడతాడు, పాకియావో కాంబినేషన్ (వరసగా కొట్టే పంచ్‌లు) మొదలెట్టగానే దెబ్బ భుజం మీద జారిపోతుంది, ఆ వెంటనే కుడి చేత్తో నేరుగా ఒకటి, అంతే, మళ్లీ దొరకడు. బోర్ కొడుతుంది, ఒప్పుకుంటా. కానీ పాకియావో 429 పంచ్‌లు విసిరితే తగిలినవి 81 మాత్రమే, అంత వేగంగా కొట్టేవాడికి!

అయితే 'గొప్ప' అంటే ఎవరు ఎవర్ని ఓడించారు అన్నదొక్కటే కాదు కదా. పాకియావో 112 పౌండ్ల దగ్గర మొదలెట్టి 154 పౌండ్ల క్లాస్ దాకా ఎనిమిది వెయిట్ క్లాసుల్లో టైటిల్స్ కొట్టాడు, ఇంకెవరూ చేయలేదు, 2019లో నలభై ఏళ్ల వయసులో అమెరికా బాక్సర్ కీత్ థర్మన్‌ని కింద పడేసి మరీ గెలిచాడు. మేవెదర్ 50-0 (యాభై గెలుపులు, ఒక్క ఓటమీ లేదు) లో ఆ యాభయ్యోది 2017లో MMA (మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్) ఫైటర్ మెక్‌గ్రెగర్ మీద, అతనికి అదే మొదటి ప్రొఫెషనల్ బాక్సింగ్ ఫైట్, దాన్ని లెక్కేసుకోవాలా అంటే నాకైతే నవ్వొస్తుంది.

టెక్నిక్ చూస్తే మేవెదర్, సాధించినదాని సైజు చూస్తే పాకియావో. ఒక్కర్నే చెప్పమంటే నా ఓటు మేవెదర్‌కే, ఇష్టం మాత్రం పాకియావో మీదే.