ఆత్మ ‘ఉన్నాడా’, ‘ఉన్నదా’?

సందేహం: మాది హనుమకొండ. పోయిన ఆదివారం చర్చిలో వాక్యం చదివే వంతు నాకొచ్చింది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక, మూడో అధ్యాయం, పదహారో వచనం. "మీరు దేవుని ఆలయమై యున్నారనియు, దేవుని ఆత్మ మీలో నివసించుచున్నాడనియు మీరెరుగరా?" అని ఉంది. ఆత్మకు ‘చున్నాడు’ ఏంటి, అచ్చుతప్పేమో అనుకుని ‘నివసించుచున్నదనియు’ అని దిద్ది చదివేశాను. ఆరాధన అయ్యాక ఒక పెద్దమనిషి పక్కకు పిలిచి "దేవుణ్ని పట్టుకుని ఉన్నది అంటవా, భయం భక్తి లేదా?" అన్నాడు. డిగ్రీలో తెలుగు చదువుతున్న మా అమ్మాయేమో నేను చదివిందే రైట్ అంటోంది. ఏది ఒప్పు?

సమాధానం: అచ్చుతప్పు కాదండీ. తెలిసి రాసిందే. అలాగని మీ అమ్మాయి చదువును తక్కువ చేయడానికీ లేదు, ఎందుకంటే మామూలుగా ఆత్మ మనకు అమహత్తే, అంటే క్రియకు ‘ది’ చేరే మాటే: ‘నా అంతరాత్మ చెబుతోంది’, ‘ఆత్మ ఘోషిస్తోంది’ అంటాం గానీ ‘ఘోషిస్తున్నాడు’ అనం. కానీ ఒక్కసారి ‘పరమాత్మ’ను తీసుకుని చూడమనండి. ‘పరమాత్మ అంతటా ఉన్నాడు’ అంటామా, ‘ఉన్నది’ అంటామా? మాటలో ఆత్మే ఉంది, అయినా క్రియకు ‘డు’ వచ్చి చేరింది. అంటే బైబిలు అనువాదకులు కొత్తగా తెచ్చిపెట్టిన వింత కాదిది. ఆత్మ అనే మాట ఎవరిని చెబుతోందో చూసుకుని క్రియను మార్చడం తెలుగువాళ్లకు అలవాటే.

చిన్నయ సూరి 1858లో వచ్చిన బాలవ్యాకరణంలో మహత్తుకు, అంటే క్రియకు ‘డు’ చేరే మాటకు, చెప్పిన లక్షణం కూడా గమ్మత్తుగా ఉంటుంది. స్త్రీలు, పశుపక్ష్యాదులు, జడపదార్థాలు, ఈ మూడూ కానివి మహత్తులు అన్నాడు. దేవుని ఆత్మ వీటిలో ఏదీ కాదని నమ్మేవాడికి ఆ సూత్రం ప్రకారమే ‘చున్నాడు’ ఒప్పు. ఆత్మ అనే పదానిది ఏ లింగం అని పట్టుకుంటే తేలేది కాదు: హీబ్రూ మాట ‘రూఅహ్’ ఎక్కువగా స్త్రీలింగం, గ్రీకు ‘న్యూమా’ నపుంసకం, మనకు ఈ మాటనిచ్చిన సంస్కృతంలో ‘ఆత్మన్’ పుంలింగం.

ఇంకో సంగతి, నాకు భలే ఇష్టమైనది. మీరు చదివిన ఆ పాత తెలుగు బైబిల్లో చాలాచోట్ల ఈ గొడవే పైకి రాదు. ఆదికాండము మొదట్లో ‘దేవుని ఆత్మ జలములపైన అల్లాడుచుండెను’ అని ఉంటుంది. ఆ ‘ఎను’ ఎవరికైనా సరిపోతుంది కదా, రాముడు వచ్చెను, సీత వచ్చెను, బండి వచ్చెను. ‘నడిపించును’, ‘జ్ఞాపకము చేయును’ లాంటివీ అంతే, కర్త ఎవరో ఏమిటో గుట్టు విప్పవు. మీరు చదివిన వచనంలో ‘చున్నా’ దాకా వచ్చాక మాత్రం దాటేయడానికి లేదు, డు అనాలి లేదా ది అనాలి. వాళ్లు ‘డు’ అన్నారు. యోహాను సువార్త పదహారో అధ్యాయంలో అయితే ‘ఆయన, అనగా సత్యస్వరూపియైన ఆత్మ’ అని సర్వనామం వేసి మరీ చెప్పారు. అదే సువార్త మొదటి అధ్యాయంలో ‘వాక్యము’ శరీరధారి అయ్యాక ‘కృపాసత్యసంపూర్ణుడుగా’ అన్నారు చూడండి. వాక్యము ఎక్కడ, సంపూర్ణుడు ఎక్కడ! పద్ధతి ఒకటే.

ఇక ఆ పెద్దమనిషి సంగతి. ‘ది’ అన్నంత మాత్రాన అమర్యాద అయిపోదు. ‘అమ్మ వచ్చింది’ అంటాం, మేడారంలో లక్షలమంది చేతులెత్తి మొక్కుతూ ‘సమ్మక్క గద్దెకొచ్చింది’ అంటారు, అందులో భక్తి ఏమైనా తగ్గిందా? కాబట్టి మర్యాద పేరుతో మిమ్మల్ని అంత మాట అనాల్సింది కాదు. కానీ ఆయన చెవికి తగిలిన ముల్లు వేరే ఉందనుకుంటా. ‘ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నది’ అనడానికీ ‘ఇంట్లో నాయిన ఉన్నడు’ అనడానికీ ఉన్న తేడా అది. ఇన్వర్టర్ ఉందని ఎవరూ గొంతు తగ్గించి మాట్లాడరు. నాయిన మధ్యాహ్నం తిని మంచంలో ఒరిగాడంటే మాత్రం కుర్చీ కూడా ఈడ్వం, ఎత్తి పెడతాం. ఆత్మను ఒక శక్తి, ఒక బలం అనుకుంటే ‘ఉన్నది’ చాలు. ఒంట్లో కాపురమున్న దేవుడు అనుకునేవాడికి చాలదు.

‘నివసించు’ అన్న క్రియను కూడా కొంచెం ఆగి చూడాలి. సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరకు పోతే శివసత్తులు శిగమూగడం చూస్తాం, బండారి చల్లుకుంటూ. ‘దేవుడు ఒంటి మీదికొచ్చిండు’ అంటారు. అక్కడి క్రియలన్నీ రాకపోకలవే, రావడం, పూనడం, ఊగడం, దిగిపోవడం. ఆ భక్తికి ఆ మాటలే అందం. ఈ పత్రికలో పౌలు రాసింది అది కాదు. నివసించడమంటే చిరునామా ఉండటం, దస్తావేజులో ‘హనుమకొండ నివాసి’ అని రాసుకుంటాం చూడండి, అదీ. ఊగినప్పుడే కాదు, బజార్లో కూరగాయల దగ్గర బేరమాడుతున్నప్పుడూ ఆయన లోపలే ఉంటాడు.

దానికి తగ్గట్టే ‘ఆలయం’ కుదిరింది. గుడి అనే అర్థం తర్వాత స్థిరపడింది గానీ అసలు అర్థం ఉండే చోటు, ఇల్లు. మంచుకు హిమాలయం, పుస్తకాలకు గ్రంథాలయం. గ్రీకు మూలంలో ఇక్కడ ఉన్న మాట ‘నావోస్’, గుడి ప్రాంగణమంతటికీ వేరే మాట ఉంది, నావోస్ అంటే లోపలి దేవుడి గది. వేయిస్తంభాల గుడి పక్కన ఉండే మీకు చెప్పేదేముంది, మండపంలో కూర్చుని కబుర్లు చెప్పుకుంటాం గానీ గర్భగుడి గడప దగ్గర నోళ్లు వాటంతటవే మూతపడతాయి. ‘మీరు దేవుని గర్భగుడి’ అని ఉంటే మన చెవికి ఇంకా గట్టిగా తగిలేదని నా అభిప్రాయం, చర్చిలో ఒప్పుకుంటారో లేదో మరి. అన్నట్టు ఆ ‘మీరు’ మర్యాద మీరు కాదు, బహువచనం. ఆ బైబిల్లో దేవుణ్నైనా నీవు అనే పిలుస్తారు. అందరూ కలిసి ఒకే ఆలయం అని ఇక్కడి మాట. ‘మీ దేహము’ ఆలయమని విడిగా చెప్పేది ఆరో అధ్యాయంలో.

మర్యాద కోసమని ‘పరిశుద్ధాత్ముడు’ అనేవాళ్లూ ఉన్నారు. నాకు నచ్చదు. మహాత్ముడు, పాపాత్ముడు లాగా దానికి ‘పరిశుద్ధమైన ఆత్మ గలవాడు’ అని అర్థం వస్తుంది, అది ఏ మంచి మనిషికైనా చెల్లుతుంది. ప్రార్థనలో ‘పరిశుద్ధాత్మ దేవుడు నాలో ఉన్నాడు’ అంటే ఏ పేచీ లేదు. కాజీపేట వైపు కథలిక్కులు ‘పవిత్రాత్మ’ అంటారు, క్రియ విషయంలో వాళ్లకూ ఇదే సమాధానం. మళ్లీ వంతు వస్తే అచ్చులో ఉన్నది ఉన్నట్టు చదవండి, చదువుతూ దిద్దకండి.

చివరగా, ఆయన అన్న ‘భయం భక్తి లేదా’ మీద మీ అమ్మాయి విరుచుకుపడకముందే చెబుతున్నా. రెండున్నాయి కాబట్టి ‘భయభక్తులు లేవా’ అనాలి, వ్యాకరణం అదే. కానీ మన దగ్గర చెప్పిన మాట వినని ప్రతి పిల్లవాడూ ‘వీనికి భయం భక్తి లేదు’ అనిపించుకునే పెరుగుతాడు. ఇంట్లోవాళ్ల నోట్లో ఆ రెండూ ఎప్పుడో కలిసి ఒకటే అయిపోయాయి, అందుకే ఏకవచనం.